తువ్వాల కింద కెమెరా

హైదరాబాద్,
గురువారం రాత్రి

బిడ్డా,

కెమెరా పాడు కాలేదు. మీ బాపు దాని మీద తువ్వాల కప్పాడు.

మొన్న ఫోన్లో "బ్యాటరీ దిగినట్టుంది, పోయి చూస్తా" అని నిన్ను ఊరుకోబెట్టాను కదా, అప్పటికే నేను చూసి వచ్చాను. 36 ఏళ్ళు కరెంటు డిపార్ట్‌మెంటులో స్తంభాలెక్కి దిగినవాడికి బ్యాటరీ దిగిందో గుడ్డ కప్పారో తెలియకుండా ఉంటుందా? గాంధీభవన్ దగ్గర మెట్రో దిగి, మొజంజాహీ మార్కెట్ మీదుగా నడిచి, మీ ఇంటి మెట్లెక్కి మిద్దె మీదికి పోగానే కనబడింది. గళ్ళ తువ్వాల. గాలికి ఎగిరొచ్చి పడ్డది కాదు, కింద పురికొసతో ముడి వేసి ఉంది.

"ఏందిరా ఇది?" అంటే, "పావురాలన్నా, రెట్టలేస్తున్నయి" అన్నాడు. పావురాలు రెట్ట వేసేది పైనున్న సోలార్ పలక మీద. కెమెరా కంటికి ముడి వేసి కప్పాల్సిన పని పావురాల వల్ల రాదు. నేను ఇంకేం అడగలేదు. ఇద్దరం చాయ్ తాగాం. తువ్వాల అట్లాగే ఉంది.

ఫోన్లో ఇదంతా చెప్తే నువ్వు సగంలోనే పెట్టేసి మీ బాపుకు చేస్తావు, వాడు నా మీద పడతాడు. అందుకే కాగితం మీద రాస్తున్నా. పక్కింటి పిల్లవాడితో ఫొటోలు తీయించి వాట్సాప్‌లో పంపిస్తా. ఆఫీసులో కాదు, రూముకు పోయాక తీరిగ్గా చదువు.

ముందు కెమెరా సంగతే చెప్తా, ఎందుకంటే అందులో నువ్వు అనవసరంగా కంపెనీని తిట్టావు. మొదట దాన్ని గల్లీ వైపు బాల్కనీకి పెట్టించావు. నాలుగు రోజులు నడిచి మూగబోయింది. మోసం అన్నావు. మోసం లేదు, లెక్క ఉంది. ఆ పలక 5 వాట్లది. మన ఊళ్ళో ఆకాశం అడ్డం లేని చోట, మబ్బు లేని రోజున, 5 గంటల నిండు ఎండ కింద కట్టుకోవచ్చు. అంటే 25 వాట్ అవర్లు. పలక కాగడం వల్ల కొంత, దుమ్ముకు కొంత, బ్యాటరీలోకి ఎక్కేటప్పుడు కొంత పోగా 16, 17 చేతికొస్తాయి. అది మిద్దె మీద మాట. మీ గల్లీ వెడల్పు 10 అడుగులు. దక్షిణాన ఎదురుగా మూడంతస్తులు. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు మన దగ్గర 50 డిగ్రీల ఎత్తుకు ఎక్కడు. ఎదురింటి పిట్టగోడ దాటి మీ బాల్కనీలోకి తొంగిచూసేలోపే పొద్దు వాలుతుంది. ఎండాకాలంలో సూర్యుడు నెత్తి మీదికి వచ్చినా గంట, గంటంబావు కంటే ఎక్కువ దొరకదు. ఆ ఎండకు 5 వాట్ అవర్లు కూడా రావు.

ఇక ఖర్చు చూడు. కెమెరా మేలుకొని, బొమ్మ పట్టి, సిమ్ము మీద పంపుతూ ఉంటే గంటకు దగ్గర దగ్గర 2 వాట్ అవర్లు తాగుతుంది. రాత్రింబవళ్ళు మేలుకోవాలంటే 48 కావాలి. అంత అది సంపాదించదు. అందుకే తయారు చేసేవాళ్ళు దాన్ని నిద్రపుచ్చి పెడతారు. కంటి కింద గోళీకాయంత తెల్లని మూత ఉంది కదా, అందులో ఒంటి వేడిని పసిగట్టే సెన్సరు ఉంటుంది. వెచ్చని ఒళ్ళు ఏదైనా దాని ముందు కదిలితే కెమెరాను తట్టి లేపుతుంది. అర నిమిషం చూసి మళ్ళీ పడుకుంటుంది. మామిడితోట గేటుకు పెడితే రోజుకు పది సార్లు లేస్తుంది, బాగా నడుస్తుంది. మరి బేగం బజార్ గల్లీలో దాన్ని పడుకోనిచ్చేదెవరు? పొద్దున షట్టర్లు లేచింది మొదలు హమాలీలు, తోపుడు బండ్లు, మూటలేసుకున్న ఆటోలు, పెళ్ళి సామాన్లకని జిల్లాల నుంచి దిగినవాళ్ళు. అది లేచింది లేచినట్టే. రాత్రి తొమ్మిదింటికి చప్పుడు సద్దుమణిగేసరికి దానికి కళ్ళు మూతలు పడేవి. దొంగలు తిరిగే వేళకు నిద్ర. మనప్పటి గల్లీ గూర్ఖా దీనికంటే నయం, పగలు పడుకొని రాత్రి కట్టె టకటకలాడించేవాడు.

అంతదాకా తప్పు కంపెనీది కాదు, నీది కాదు, గల్లీది. ఆ తర్వాతది మాత్రం నాది.

దాన్ని విప్పి మిద్దె మీదికి ఎక్కించింది నేనే. అక్కడ ఎండకు కొదవ లేదు. మీది డంగుసున్నం గోడల ఇల్లు, వైఫై ఒక గది నుంచి ఇంకో గదికే పోదు, మిద్దె మీదికేం పోతుంది. సిమ్ము కెమెరా కొన్నావు కాబట్టి బతికాం. పలకను దక్షిణానికి తిప్పి, 17 డిగ్రీల వాలు పెట్టాను. మన ఊరి అక్షాంశం అంత. పూర్తిగా పరిస్తే ఎండ తగులుతుంది గాని వానకు దుమ్ము జారిపోదు. పావురాల మాట వాడు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు సుమా. ఉస్మాన్‌గంజ్ గింజలు తిని బతికే పావురాలు మీ పిట్టగోడ మీదే మకాం. వినాయక చవితికి వేసే సీరియల్ సెట్టు గుర్తుందా, ఒక బల్బు పోతే వరసంతా ఆరిపోయేది? పలకలో గడులు అట్లాగే వరసలో ఉంటాయి. ఒక గడి మీద రెట్ట పడితే ఆ గడి ఒక్కటే కాదు, దాని వరసంతా నీరసిస్తుంది. వారానికోసారి తడిగుడ్డతో తుడవాలని మీ బాపుకు చెప్పాను. ఆ తడిగుడ్డే ఇప్పుడు ఇంకో పని చేస్తోందనుకుంటా.

ఇంకొకటి, బ్యాటరీ ఉన్న డబ్బాను పలక నీడలోకి మార్చాలి. 45 డిగ్రీలు దాటితే లిథియం బ్యాటరీకి ఛార్జి ఎక్కించడం మంచిది కాదు. మే నెలలో మీ మిద్దె మీద ఎండకు వదిలిన ప్లాస్టిక్ డబ్బా ఎంత కాగుతుందో చెయ్యి పెడితే తెలుస్తుంది. అదే ఎండకు ఆ సెన్సరు కూడా మొద్దుబారుతుంది. అది చూసేది మనిషి వేడికీ వెనకాల గోడ వేడికీ ఉన్న తేడాను. గోడే ఒంటంత కాగి ఉంటే మనిషి వచ్చినా దానికి తేడా తెలియదు. అందుకే మే నెలలో మధ్యాహ్నం నేను కెమెరా ముందు నిలబడి చేతులూపినా నీకు కబురు రాలేదు. నువ్వు నవ్వావు.

సరే, నా తప్పు. ఆ రోజు నేను నిచ్చెన మీద, నువ్వు ఫోన్లో. "ఇంకొంచెం ఎడమకు పెద్దబాపూ, ఇంకొంచెం" అన్నావు. మెట్ల తలుపు కనబడుతోంది చాలన్నాను. "ఇంకొంచెం" అన్నావు. మీ బాపు నవారు మంచం కనబడేదాకా తిప్పించావు. నాకు తెలుసు ఎందుకో. స్క్రూ బిగిస్తూ కూడా తెలుసు. అయినా బిగించాను.

నీ భయం ఉత్తది అనను. పక్కింట్లో నీళ్ళ మోటారు ఎత్తుకుపోయారు, వెనక గల్లీలో మిద్దె మీద ఆరబెట్టిన రాగి గుండిగ పోయింది. మీ అమ్మ పోయాక ఆ పెద్ద ఇంట్లో 74 ఏళ్ళ మనిషి ఒక్కడే. కింద దుకాణాలు మూసేశాక ఆ వరసలో మనిషి మెసిలే ఇళ్ళు ఇప్పుడు రెండో మూడో. పైఅంతస్తులన్నీ గోదాములైపోయాయి. బెంగళూరులో కూర్చొని నువ్వు నిద్రపోలేవు, ఒప్పుకుంటా. కానీ బిడ్డా, నువ్వు కొన్నది దొంగ కోసమా, మీ బాపు కోసమా? దొంగ కోసమైతే మంచం కనబడాల్సిన పని లేదు.

వాడు నాకు చెప్పింది ఒక్కటే. చాయ్ అయిపోయాక, నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే అన్నాడు: "రాత్రి రెండింటికి ఎందుకు లేచినవు బాపూ అని అడుగుతదన్నా పొద్దున్నే." ఆ వయసులో రాత్రి రెండింటికి ఎందుకు లేస్తారో నాకు చెప్పక్కర్లేదు, నేనూ లేస్తాను. కూతురికి చెప్పాల్సిన సంగతి కాదది. ఇదివరకు నువ్వు ఫోన్ చేసి, ఏం తిన్నావు, ఎప్పుడు పడుకున్నావు అని అడిగేదానివి. ఇప్పుడు అడగడం లేదట, నువ్వే చెబుతున్నావట. "రాత్రి పదకొండింటికి గాని పైకి రాలేదు", "కండువా లేకుండా పడుకున్నావు", "ఎవరో వచ్చి కూర్చున్నారు, ఎవరు?" అని. వాడికి చెప్పుకునేందుకు మాటలేం మిగిల్చావు?

బేగం బజార్‌లో ఒకరినొకరు చూసుకోవడం కొత్త కాదు. నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన జాగా అది, అందుకే ఆ పేరు. వందల ఏళ్ళుగా గద్దె మీద కూర్చొని గల్లీని చూసే కళ్ళే అక్కడ కాపలా. సేఠ్ చూసేవాడు, మునీమ్ చూసేవాడు, కిడికీలోంచి ముసలమ్మలు చూసేవారు. చిన్నప్పుడు మేం ఎక్కడ గోళీలాడినా అన్నం వేళకు మీ నానమ్మకు కబురందేది. కానీ ఆ చూపుకు ఎదురుచూపు ఉండేది. నన్ను చూసే మనిషి నాకు కనబడేవాడు. వాడు మరీ చూస్తే "ఏం చూస్తున్నవ్?" అని అడిగే వీలుండేది. మిద్దె మీద ఆ తెల్ల డబ్బాను మీ బాపు ఏమని అడగాలి? తువ్వాల కప్పడం ఒక్కటే వాడికి చేతనైన అడగడం.

ఊళ్ళో కెమెరాలు ఎందుకు పెరిగాయో నాకు తెలియక కాదు. 2007 ఆగస్టు 25 సాయంత్రం నేను డ్యూటీలో ఉన్నాను. కోఠీ గోకుల్ చాట్ దగ్గరా, లుంబినీ పార్కులోనూ బాంబులు పేలాయి. కోఠీ మీ ఇంటికి నడిచిపోయే దూరం. మీ అమ్మ నిన్ను ఒళ్ళో పెట్టుకొని రాత్రంతా తలుపు దగ్గరే కూర్చుంది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్ళీ. ఆ ఏడాదే పబ్లిక్ సేఫ్టీ చట్టం వచ్చింది, వందమంది, అంతకు మించి గుమిగూడే చోటల్లా కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డు దాచాలని. తర్వాత పోలీసులు 'నేను సైతం' పేరుతో కాలనీలనూ దుకాణాలనూ కదిలించి చందాలతో కెమెరాలు పెట్టించారు. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచారు. ఊళ్ళో కెమెరాల సంగతి ఇప్పుడు నీకు నేను చెప్పాలా, మీ గల్లీ మొదట్లో స్తంభానికే కాకుల్లా వాలి ఉన్నాయి. వాటిని నేను తప్పుపట్టను. దొంగలు దొరుకుతున్నారు, తప్పిపోయిన పిల్లలు దొరుకుతున్నారు.

కానీ అదే 2022 మే నెలలో మీ ఇంటికి కూతవేటు దూరంలో, మచిలీ మార్కెట్ దగ్గర, కులం దాటి పెళ్ళి చేసుకున్న పిల్లవాడిని భార్య తరఫువాళ్ళే పొడిచి చంపారు. అర్ధరాత్రి అనుకునేవు, బజారు నడుస్తున్న వేళ. ఆ బజారులో అప్పటికే కెమెరాలు తక్కువేం లేవు. కెమెరా జరిగినదాన్ని దాచిపెడుతుంది. జరిగేదానికి అడ్డం పడాలంటే మనిషి కావాలి. ఆ మాట ఎందుకంటున్నానంటే, మీ బాపు మంచం మీంచి పడితే నువ్వు బెంగళూరు నుంచి చూస్తావు, సరే. లేపేదెవరు? ఎదురు మిద్దె మీదివాళ్ళు.

వాళ్ళ సంగతీ చెప్పాలి. ఎదురు మిద్దె మీద మార్వాడీ ఆడవాళ్ళు ఎండాకాలమంతా అప్పడాలు ఒత్తి ఆరబెడతారు. కొంగు జారినా, నడుం వాల్చినా అక్కడ వాళ్ళను చూసేవారు లేరని ధీమా. నీ కెమెరా పెట్టిన రెండోవారం నుంచి వాళ్ళు పరదా కట్టుకున్నారు. మీ బాపుతో ఒక మాట అనలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ రెండిళ్ళ మధ్య చక్కెర గిన్నెలు, పండగ మిఠాయిలు ఇటూ అటూ దాటాయి. ఇప్పుడు మధ్యలో పరదా. మీ బాపుకు ఇది రాత్రి రెండింటి సంగతి కంటే పెద్ద నామోషీ అని నా అనుమానం.

చట్టం మాట కావాలంటే అదీ ఉంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు కూర్చొని, ఎవరి ఏకాంతం వాళ్ళ ప్రాథమిక హక్కు అన్నారు. దాన్ని పట్టుకొని 2025 ఫిబ్రవరిలో కలకత్తా హైకోర్టు ఒక ఇంటి అన్నదమ్ముల గొడవలో, ఇంట్లో కాపురముండేవాడి ఒప్పుదల లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపకూడదంది. అదే ఏడాది మేలో సుప్రీంకోర్టు దాన్ని కదిలించలేదు. ఇల్లు నీకు రావాల్సిందే కావచ్చు, అందులో ఉండేది మాత్రం వాడు. ఇంగ్లండులో 2021లో ఒక ఆడమనిషి పక్కింటాయన పెట్టిన కెమెరాల మీద ఆక్స్‌ఫర్డ్ కోర్టుకు పోయి గెలిచింది. జడ్జి బొమ్మకంటే ఎక్కువ తప్పుపట్టింది దూరం నుంచి మాటలు వినే మైకును. నీ కెమెరాకూ మైకు ఉంది. మీ బాపూ నేనూ మిద్దె మీద కూర్చొని ఏవో పాతవి మాట్లాడుకుంటాం. కొన్ని నీ గురించి, కొన్ని మీ అమ్మ గురించి. నువ్వు విన్నావో లేదో అడగను. మైకు మాత్రం ఆపెయ్యి.

పాస్‌వర్డు మార్చావా? డబ్బా మీద రాసి వచ్చిందే ఉంచావని నాకు గట్టి అనుమానం, నువ్వు గీజర్ స్విచ్చు కూడా ఆపవు. 2016లో మిరాయ్ అని ఒక దొంగ ప్రోగ్రాము ఇట్లాంటి పాస్‌వర్డు మార్చని కెమెరాలను లక్షల్లో లొంగదీసుకొని, అక్టోబరులో అమెరికాలో పేరున్న వెబ్‌సైట్లు చాలావాటిని కుదేలు చేసింది. మనవాళ్ళు కూడా 2025 ఏప్రిల్ నుంచి ఇంటర్నెట్టు కెమెరాలను భద్రతా పరీక్ష పాసైతేనే అమ్మాలన్నారు. గుజరాతీ గల్లీలో చవగ్గా దొరికే పేరులేనివాటి జోలికి నువ్వు పోకపోవడం మంచిదైంది. ఇంకో మాట, నిజంగా దొంగతనం జరిగితే ఆ వీడియోను ఫోన్లో ముక్కలు చేసి గ్రూపుల్లో తిప్పకు. కార్డు తీసి అట్లాగే దాచు. 2024 జూలై 1 నుంచి నడుస్తున్న కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేస్తేనే కోర్టులో అది నిలబడుతుంది.

మరి కెమెరా తీసేద్దామా? వద్దు. తీసేస్తే నువ్వు నిద్రపోవు, నువ్వు నిద్రపోకపోతే వాడికి తెలుస్తుంది, అప్పుడు వాడే తువ్వాల తీసి దాని ముందు బొమ్మలా కూర్చుంటాడు. అది ఇంకా అన్యాయం. నేను అనుకున్నది ఇది. కెమెరాను మంచం వైపు నుంచి తీసి, నీళ్ళ ట్యాంకు దిమ్మెకు, మెట్ల తలుపును అడ్డంగా చూసేట్టు పెడతా. ఆ సెన్సరుకు ఎదురొచ్చే మనిషికంటే అడ్డంగా దాటే మనిషి బాగా తెలుస్తాడు, అట్లా అయితే తలుపు తీసినవాడు దొరకకుండా పోడు. అక్కడ రోజుకు పది పదిహేను సార్లకు మించి కదలిక ఉండదు, బ్యాటరీ నిలుస్తుంది. ఎదురు మిద్దె అందులో పడదు. పలక ఉన్నచోటే ఉంటుంది, రెండు మీటర్ల వైరు వేస్తే చాలు, ట్రూప్ బజార్‌లో తెస్తా. కబురు రాత్రి పది నుంచి పొద్దున ఐదు దాకే వచ్చేట్టు నువ్వు ఫోన్లో పెట్టు. ఆ యాప్ మీ బాపు ఫోన్లోనూ వేయాలి. వాడూ చూడాలి, తన ఇంట్లో తనకు కనబడనిది ఇంకొకరికి కనబడకూడదు. నేర్పిస్తా, రెండు రోజులు సతాయిస్తాడు, నేర్చుకుంటాడు. లెడ్జర్లు రాసిన మనిషి.

పడితే ఎట్లా అంటావు. ఎదురింటి పెద్ద కోడలి నంబరు నా దగ్గరుంది. కెమెరా తిప్పాక నేనే పోయి చెప్తా, పరదా తీసేయమని కాదు, కెమెరా ఎటు చూస్తుందో మీరే వచ్చి చూడమని. రాత్రి తొమ్మిదింటికి నువ్వు ఫోన్ చెయ్యి. అడుగు. తెలిసినా అడుగు.

ఈ ఉత్తరం సంగతి వాడితో అనకు. తువ్వాల నీకు తెలియనట్టే ఉండు, పావురాలనే అనుకో.

ఆదివారం పొద్దున ఏడింటికి, ఎండ ముదరకముందే నిచ్చెన తీసుకుపోతా. ఆ వేళకు ఫోన్ చేతిలో ఉంచుకో, కోణం నువ్వే చెప్పాలి. మెట్ల తలుపు కనబడాలి, మంచం కనబడకూడదు. మంచం కోడు ఒక్కటి కనబడినా చెప్పు, ఇంకొంచెం కుడికి తిప్పుతా.

మీ పెద్దబాపు